స్ట్రీట్ ఫైటర్ 2 కాంబోలు నిజంగా బగ్ వల్లే వచ్చాయా?

పిక్సెల్_శ్రావ్య:
స్ట్రీట్ ఫైటర్ 2 అనే ఫైటింగ్ వీడియో గేమ్ చరిత్ర మీద వ్యాసం రాస్తున్నాను. మూడు మాటలు పదే పదే ఎదురవుతున్నాయి. కాంబోలు (ఎదుటివాడు అడ్డుకునే వీల్లేకుండా వరుసగా తగిలే దెబ్బలు) తయారీదారులకే తెలియని బగ్ అని, మొదటి ఆట చేసినవాళ్లే రెండోదీ చేశారని, హ్యాక్ బోర్డులను (అనుమతి లేకుండా ఆటను మార్చేసిన ఆర్కేడ్ బోర్డులు) కాపీ కొట్టి టర్బో (వేగం పెంచిన వెర్షన్) తెచ్చారని. వీటిలో నిలబడేది ఏది?

క్యాన్సిల్_రాజా:
మొదటిది సగమే నిజం. కారు పగలగొట్టే బోనస్ స్టేజీలో బగ్‌లు వెతుకుతుండగా ఈ ఆట చేసిన క్యాప్‌కామ్ కంపెనీలో అప్పట్లో పనిచేసిన నోరిటాకా ఫునామిజు దీన్ని గమనించారు. ఒక గుద్దు టైమింగ్‌లోనే రెండోదీ మూడోదీ పడుతున్నాయి. రికార్డు చేసి మరీ చూశారు. అంత టైమింగ్ ఎవరికి కుదురుతుందిలే అనుకుని, తీసేయకుండా దాచిన ఫీచర్‌గా వదిలేశామని తర్వాత ఆయనే చెప్పారు. అనుకోకుండా దొరికింది, తెలిసే ఉంచారు. కాబట్టి "తయారీదారులకే తెలియదు" అన్న ముక్క కొట్టేయండి.

వ్యాసంలో పెట్టేముందు ఆటలోనే చూసుకోండి, ఇద్దరుంటే చాలు. ఎదుటి పాత్రకు బాగా దగ్గరగా ర్యూ పాత్రను కూర్చోబెట్టి మీడియం కిక్ కొట్టండి. కాలు బయటికి వస్తుండగానే స్టిక్‌ను కింద నుంచి ముందుకు పావు చుట్టు తిప్పి పంచ్ నొక్కండి. కిక్ మధ్యలోనే తెగి (దీన్నే క్యాన్సిల్ అంటారు) హడోకెన్, అంటే ర్యూ విసిరే శక్తి గోళం, వస్తుంది. కిక్ తగలగానే రెండో ఆటగాడు స్టిక్ వెనక్కి పట్టి ఉంచాలి. అయినా హడోకెన్ తగిలితే అది కాంబో. బ్లాక్ అయిందంటే కాదు. కాలు వెనక్కి మళ్లాక పంచ్ నొక్కితే క్యాన్సిల్ పడదు. దూరం నుంచి కొడితే హడోకెన్ చేరేలోపు ఎదుటివాడు తేరుకుంటాడు, చాలామందికి పోయేది ఇక్కడే.

ఆర్కేడ్_మురళి:
రెండోది పూర్తిగా తప్పు. 1987 నాటి మొదటి ఆట తకాషి నిషియామా, హిరోషి మాట్సుమోటోలది. తర్వాత ఇద్దరూ ఎస్ఎన్‌కే అనే మరో గేమ్ కంపెనీకి వెళ్లిపోయారు. నిషియామా అక్కడే ఫేటల్ ఫ్యూరీ అనే ఆట చేశారు. 1991లో వచ్చిన రెండో ఆటకు ప్లానింగ్ అకిరా నిషితాని, బొమ్మల బాధ్యత అకిరా యసుదా. వీళ్లిద్దరూ అంతకుముందు ఫైనల్ ఫైట్ అనే ఆట చేసినవాళ్లు. ఆ ఫైనల్ ఫైట్‌ను మొదట "స్ట్రీట్ ఫైటర్ '89" పేరుతో ప్రదర్శించారు. గందరగోళానికి ఇదో కారణం. మరో కారణం, క్రెడిట్స్‌లో మారుపేర్లే ఉండటం. మొదటి ఆటలో నిషియామా "పిస్టన్ తకాషి", రెండో ఆటలో యసుదా "అకిమన్". అసలు పేర్లతో సరిపోల్చకుండా జట్టు ఒకటేనని తేల్చేయడం అన్యాయం.

పిక్సెల్_శ్రావ్య:
చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. టర్బో సంగతి?

క్యాన్సిల్_రాజా:
హ్యాక్ బోర్డుల ప్రభావం ఉంది, కాపీ మాత్రం కాదు. రెయిన్‌బో ఎడిషన్ అనేది స్ట్రీట్ ఫైటర్ 2 వెర్షన్ అయిన ఛాంపియన్ ఎడిషన్‌కు చేసిన హ్యాక్. అందులో గాల్లో హడోకెన్లు వేయొచ్చు, స్టార్ట్ నొక్కి పాత్రే మార్చేయొచ్చు. 1992 డిసెంబరులో వచ్చిన హైపర్ ఫైటింగ్‌లో, అంటే టర్బోలో, ఇవేవీ లేవు. వేగం పెంచుదామని పట్టుబట్టింది క్యాప్‌కామ్ అమెరికా శాఖలోని జేమ్స్ గొడార్డ్. గాల్లో హరికేన్ కిక్, చున్‌లీకి కికోకెన్, ధల్‌సిమ్‌కు టెలిపోర్ట్ అప్పుడే వచ్చాయి. "హ్యాక్‌లకు జవాబుగా వచ్చింది" అని రాయండి, తప్పు పట్టలేరు.

ఆర్కేడ్_మురళి:
ఇంకొకటి చూసుకోండి. కాంబోలను తెర మీద లెక్కపెట్టి అదనపు పాయింట్లు ఇవ్వడం 1993 నాటి సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2తో మొదలైంది. 1991 ఆట అని చెబుతూ హిట్ కౌంటర్ ఉన్న స్క్రీన్‌షాట్ పెడితే అది తప్పుడు బొమ్మే.