"వచన ప్రబంధము" అన్న మాట, రాజశేఖర చరిత్రము

ప్రశ్న: కందుకూరి వీరేశలింగం గారు రాజశేఖర చరిత్రమును "వచన ప్రబంధము" అన్నారు కదా. ప్రబంధమంటే వర్ణనలతో సాగే పద్యకావ్యం కదా, నవలను ప్రబంధం అనడం ఏమిటండీ? ఆ మాట వినగానే మా పిల్లలు పుస్తకం ముట్టుకోవడం లేదు. నిజంగా చదవదగ్గదేనా?

జవాబు: చదవదగ్గదే అండీ, అదీ ఇష్టంగా!

ముందు మాట సంగతి చూద్దాం. ఈ పుస్తకం 1880 నాటిది. అప్పటికి "నవల" అన్న మాట తెలుగులో వాడుకలోకి రాలేదు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు ఈ పుస్తకం గురించి రాస్తూనే ఆ మాట వాడారని సాహిత్య చరిత్రల్లో చెబుతారు. అంతకు ముందు, 1872లో శ్రీరంగరాజ చరిత్ర రాసిన నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారు కూడా తన రచనను "నవీన ప్రబంధము" అన్నారు. అంటే కొత్త సరుకుకు ఇద్దరూ ఇంట్లో ఉన్న పేరే పెట్టారు.

అయితే అది ఉత్త పేరే అనుకోకండి. పెద్దన ప్రబంధం మనుచరిత్రలో కథ ఎలా మొదలవుతుంది? వరణా నది ఒడ్డున అరుణాస్పదపురం, ఆకాశాన్ని ముద్దాడే దాని కోట గోడలు. వీరేశలింగం గారి కథ కూడా ఏరూ ఊరూ వర్ణిస్తూనే మొదలవుతుంది. కాకపోతే ఆ ఏరు గోదావరి, ఆ ఊరు ధవళేశ్వరం. ఊహల్లో పురం ఉండాల్సిన చోట, మనం బస్సెక్కి వెళ్లి చూడగల ఊరు వచ్చింది! కొండ, కొండ మీద జనార్దనస్వామి గుడి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మొదటి పేజీలు సాగదీసినట్టున్నాయని చాలామంది అక్కడే ఆపేస్తారు. నాకైతే పుస్తకంలో అన్నిటికన్నా ధైర్యమైన పని అక్కడే కనిపిస్తుంది.

ఆ వర్ణన దాటితే చదువు వేగం అందుకుంటుంది. కథానాయకుడు రాజశేఖరుడి చుట్టూ చేరి ఆయన ఏమన్నా ఔనౌననే జనం, బంగారం చేసిపెడతానని నమ్మించి ఇంట్లో ఉన్న బంగారమంతా ఊడ్చుకుపోయే బైరాగి, డబ్బు పోయిన మర్నాటి నుంచి ఆ గడప తొక్కని స్నేహితులు. సంస్కర్త పుస్తకం కాబట్టి ఉపన్యాసం ఉంటుందని భయపడతాం. కొన్నిచోట్ల ఉంది కూడా. కానీ ఈ మనుషుల్ని చూపించేటప్పుడు ఆయన మాట్లాడరు, వాళ్లను మాట్లాడనిస్తారు.

భాష గ్రాంథికమే. పిల్లలకు ఒక్కటి చెప్పండి: కళ్లతో కాకుండా పైకి చదవమనండి. సంధులు వాటంతట అవే విడిపోతాయి.

మరో సభ్యుడి ప్రశ్న: ఇది 1766లో వెలువడిన గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్‌కు అనుకరణే కదండీ?

జవాబు: ఎముకలు అక్కడివే. ఆస్తి పోయి ఇల్లు విడిచే కుటుంబం, మారువేషంలో సాయపడే పెద్దమనిషి రెండిట్లోనూ ఉన్నారు. ఇక్కడ ఆ పెద్దమనిషి పెద్దాపురం ప్రభువు కృష్ణజగపతి. కానీ రాజశేఖరుడి కూతురు రుక్మిణిని చూడండి. భర్త పోయాడన్న అబద్ధపు కబురు, కాశీ ప్రయాణం, దారిలో దొంగలు కొట్టి చచ్చిపోయిందనుకుని వదిలేయడం, ఆమె తేరుకుని మగవేషం వేసుకోవడం. ఆ రోజుల్లో విధవరాలిగా ముద్రపడిన ఆడపిల్ల ఒంటరిగా బతకాలంటే ఏం చేయాల్సి వచ్చిందో ఆ వేషంలోనే ఉంది. ఈ బాధ గోల్డ్‌స్మిత్‌ది కాదు, గోదావరి జిల్లాది. 1887లో ఈ పుస్తకమే ఫార్చ్యూన్స్ వీల్ పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లింది.

చివర్లో కలయికలు మరీ సులువుగా జరిగిపోతాయి, ఒప్పుకుంటాను. పోయినవాళ్లంతా దొరుకుతారు, చెడ్డవాళ్లంతా పట్టుబడతారు. అది ప్రబంధం లక్షణమా, గోల్డ్‌స్మిత్ నుంచి వచ్చిందా అన్నది సభ్యులు చెబితే వినాలని ఉంది. శ్రీరంగరాజ చరిత్ర చదివినవారు ముందు చెప్పండి, ఆ "నవీన ప్రబంధము"లో ముగింపు ఎలా నడిచిందో పోల్చి చూద్దాం.