బ్లఫ్ అని అనుమానం ఉన్నా ముక్కలు పడేయడం పిరికితనమా?

అయ్యకోనేరు గట్టు:
సిరిమాను పండక్కి బెంగళూరు, హైదరాబాద్ బ్యాచ్ అంతా విజయనగరం దిగింది. మర్నాడు రాత్రి డాబా మీద పోకర్. డబ్బుల్లేవు, చింతపిక్కలే. ఒకే ఒక్క ఆట మీద గొడవ ఇంకా వాట్సాప్‌లో నడుస్తోంది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

నా చేతిలో డైమన్ రాజు, డైమన్ పది. అందరికీ ఉమ్మడిగా కింద పరిచినవి ఇస్పేటు రాజు, ఆఠీను తొమ్మిది, ఇస్పేటు నాలుగు, తర్వాత కళావరు రెండు, చివర్న ఇస్పేటు జాకీ. నాకు రాజుల జత. అప్పటిదాకా వేసినవి మధ్యలో 60 పిక్కలున్నాయి. చివరి ముక్క పడగానే అవతలివాడు మారుమాట లేకుండా 60 తోసేశాడు. ఇస్పేట్లు మూడు కనబడుతున్నాయి, వాడి చేతిలో ఇంకో రెండుంటే అయిదూ ఇస్పేట్లే, అంటే ఫ్లష్, నా జతని కొట్టేస్తుంది. ఆలోచించి, నా 60 వేయకుండా ముక్కలు పడేశాను. వాడు ఆఠీను ఆరు, ఆఠీను అయిదు తిప్పి చూపించాడు. మూడు పడితే వరసగా అయిదు ముక్కలు, అంటే స్ట్రెయిట్ అయ్యేది, పడలేదు. వట్టి బ్లఫ్, మేకపోతు గాంభీర్యం! డాబా అంతా ఒకటే నవ్వు.

వాడి చేతిలో ఏమీ లేదని తర్వాత తేలినంత మాత్రాన నేను పడేయడం తప్పయిపోదని నా వాదన. రాజుల జత పట్టుకుని పడేసేవాడు అసలు కూర్చోకూడదని మావాళ్ల వాదన. మీరేమంటారు?

సోంపేట బావ:
ఇందులో చర్చేటి బావూ? రాజులు పట్టుకుని ప్యాక్ చేసీసినోడిని ఏటంతారు? అరవై పిక్కలే కదా, పోతే పోనీ, నువ్వూ అరవై పెట్టి ఆడి ముక్కలు చూసీవలసింది. ఒకపాలి పట్టీసుకుంటే మరి ఆడు జన్మలో నీ మీద బ్లఫ్ కొట్టడు. నానైతే ఎవుడు తోసినా చూసీడమే. చూడకపోతే రాత్రి నిద్దర పట్టదు నాకు.

లెక్కల పంతులు:
బావగారూ, ఆడేది గెలవడానికా, నిద్రపట్టడానికా? మధ్యలో 60, అతను తోసింది 60. అంటే 120 కోసం మనం 60 పెట్టాలి. మూడిట ఒకసారి నెగ్గితే సరికి సరి. అలా పెద్దగా తోసినప్పుడల్లా మూడిట ఒకసారైనా ఖాళీ చేత్తో తోసే మనిషైతే చూడండి, కాకపోతే పడేయండి. అదే 30 తోసుంటే నాలుగిట ఒకసారి నెగ్గినా చాలు, అప్పుడు నేనూ చూసేవాణ్ణి.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోలేదు. ఈయన చేతిలో ఇస్పేటు ఒక్కటీ లేదు. ఇస్పేటు ఆసు మన దగ్గరుంటే అవతలివాడికి ఫ్లష్ వచ్చే దారులు తగ్గుతాయి, అన్నిటికన్నా పెద్ద ఫ్లష్ అసలే ఉండదు. వాడిది బ్లఫ్ అయితే రాజుల జతా నెగ్గుతుంది, తొమ్మిదుల జతా నెగ్గుతుంది. ఫ్లష్ అయితే రెండూ పోతాయి. కాబట్టి ఇక్కడ డైమన్ రాజు కన్నా, ఇస్పేటు ఆసు పక్కనున్న తొమ్మిదే చూడ్డానికి మంచి చెయ్యి. చాలామందికి ఇది మింగుడుపడదు.

ఏడు రోడ్ల జంక్షన్:
2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఫైనల్ గుర్తు చేసుకోండి. 839 మంది మొదలెడితే చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు టెనెసీ నుంచి వచ్చిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్, రెండోవాడు ప్రొఫెషనల్ శామీ ఫర్హా. అక్కడా కింద మూడు ఇస్పేట్లే. ఫర్హా చేతిలో తొమ్మిదుల జత, కింద ముక్కలతో కుదిరే జతల్లో అదే పెద్దది. మనీమేకర్ దగ్గర రాజు, ఏడు. ఫ్లష్ రాలేదు, స్ట్రెయిట్ రాలేదు, అయినా ఉన్నదంతా తోసేశాడు. ఫర్హా చాలాసేపు చూసి పడేశాడు. టైటిలూ 25 లక్షల డాలర్లూ మనీమేకర్‌కే వెళ్లాయి. అంతటివాడే పడేశాడు, మన అయ్యకోనేరు గారు ఎంత?

సోంపేట బావ:
అదే కదేటి నాను చెప్పీది! చూసీసుంటే ఫర్హా గెలిచీవోడు కదా!

లెక్కల పంతులు:
ఒక్క ఆటతో ఏదీ తేలదు, అటూ ఇటూ కూడా.

రిటైర్డ్ గుమస్తా, శ్రీకాకుళం:
పోకర్ మా కాలంలో లేదు గానీ రమ్మీ ఆడాం. పదమూడు ముక్కలూ విప్పగానే జోకరూ లేదు, సీక్వెన్సూ లేదనుకోండి, 20 పాయింట్లకి డ్రాప్ అయిపోవడమే. 'ఒక్క ముక్క పడితే చాలు' అని కూర్చుంటే మధ్యలో లేస్తే 40, లేవకపోతే 80. దింపుడు కళ్ళం ఆశతో ఆరిపోయిన వాళ్లని ఎంతమందిని చూశానో. 1967లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్ క్లబ్బు కేసులో, రమ్మీలో ఏ ముక్క ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలిసే నేర్పు ఉండాలంది, మూడు ముక్కలాటలా వట్టి అదృష్టం కాదంది. పారేయడం కూడా నేర్పే బాబూ.

పన్లో పనిగా కుర్రాళ్లకి ఒక మాట. ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడేది మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. చింతపిక్కలే క్షేమం.

లెక్కల పంతులు:
మాస్టారూ, నమస్కారం. కానీ రమ్మీలో డ్రాప్ ధర ముందే రాసి ఉంటుంది, 20 అంటే 20. మిమ్మల్ని అక్కడ ఎవరూ బెదిరించరు. పోకర్లో ధర కట్టేది ఎదుటివాడే, అదీ మన మొహం చూసి.

బొబ్బిలి కోడలు:
మీ లెక్కలు బాగానే ఉన్నాయి. అయ్యకోనేరు అన్నయ్యగారూ, ఆ తర్వాత అరగంట ఎలా ఆడారో మాత్రం మీరు రాయలేదు. పోయేదంతా అక్కడే పోతుంది. వాడు ఆరు, అయిదు ఊరికే తిప్పి చూపించాడా? మీకు రోషం రావాలనే చూపించాడు. ఈసారి నిజంగా ఫ్లష్ పట్టుకుని తోస్తే మీరు 'ఇప్పుడు దొరికావురా' అని చూస్తారు. అదీ వాడి లాభం.

మా ఇంట్లో మూడు ముక్కలాటకి మా అత్తగారు పెట్టింది పేరు. ఎవరైనా ముక్కలు చూసుకోకుండానే బ్లైండ్ మీద బ్లైండ్ వేసి ఆవిణ్ణి బెదరగొట్టి ప్యాక్ చేయించినా పల్లెత్తు మాట అనరు. ఒళ్లో పిక్కలు తీసి చాప మీద అయిదేసి చొప్పున వరసగా పేర్చుకుంటారు. ఆ పేర్చడం అయ్యేలోగా ఇంకో పంపకం వస్తుంది, ఆ ముక్కలు తిప్పైనా చూడకుండా పడేస్తారు. మూడో ఆటకి మామూలు మనిషి.

ఏడు రోడ్ల జంక్షన్:
అది మన బలహీనత బయటపెట్టుకోవడమే కదమ్మా? పిక్కలు పేరుస్తోందంటే తగిలిందని ఎదుటివాడికి తెలిసిపోతుంది. మామూలుగా కూర్చుని ఆడాలి.

బొబ్బిలి కోడలు:
తెలియనివ్వండి. ఆవిడ చేతిలోంచి వాళ్లకి ఆ ఆటలో వచ్చేది మాత్రం ఏముంది?

డాబా మీద రెండోవాడు:
ఆ 60 తోసింది నేనే. ఇన్ని రాశారు కాబట్టి నేనూ చెప్తాను. చివరి ముక్కకి పెద్దగా తోస్తే ఇతను చూడడని ఆ రాత్రంతా గమనిస్తూనే ఉన్నా. ఇస్పేటు జాకీ పడగానే అందరూ ముక్క చూశారు, నేను ఇతని చెయ్యి చూశా. పిక్కల మీదున్న చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అంతే, తోసేశా. సోంపేట బావగారు ఎదురుంటే ఆ ఆరు-అయిదుకి ఒక్క పిక్క కూడా వేసేవాణ్ణి కాదు.

సోంపేట బావ:
సూసారా! భయం ఉన్నాది నానంటే.

డాబా మీద రెండోవాడు:
భయం కాదు బావా, ప్రేమ. మీతో కూర్చుంటే బ్లఫ్ మానేసి మంచి ముక్కలకే తోస్తా. ప్రతిసారీ చూస్తారు, ప్రతిసారీ ఇస్తారు.

లెక్కల పంతులు:
ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. మధ్యలో ఎంతుందో అంతా తోసేవాడి బ్లఫ్ సగానికి మించి పారితేనే వాడికి లాభం. అయ్యకోనేరు గారు సగం కన్నా ఎక్కువసార్లు పడేస్తే వాడు ముక్కలు చూసుకోనక్కర్లేదు, కళ్లు మూసుకుని తోసుకోవచ్చు. అన్నిసార్లూ పడేయకూడదు, నిజమే. అలాగని రోషమొచ్చిన ఆటలో చూడకూడదు, చూడాల్సిన ముక్కలతో చూడాలి. 2017లో పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్స్‌ని 1,20,000 ఆటల్లో ఓడించింది. అదీ బ్లఫ్ కొట్టింది, అదీ పడేసింది. దాన్ని చూసి నవ్వడానికి మాత్రం డాబా మీద ఎవరూ లేరు.

అయ్యకోనేరు గట్టు:
చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నానా? సరే, ఈసారి రెండు చేతులూ జేబుల్లోనే. ఆ రాజు-పది మళ్లీ వచ్చినా పడేస్తాను, ఇస్పేటు ఆసు ఉంటే మాత్రం చూస్తాను. ఒక్క సందేహం. ఆ ఆటలో మనిద్దరం కాక ఇంకొకడు కూడా మిగిలుంటే తోసేవాడివా?

డాబా మీద రెండోవాడు:
తోసేవాణ్ణి కాదు. ఒక్కొక్కరు సగంసార్లు పడేసినా, ఇద్దరూ ఒకేసారి పడేసేది నాలుగిట ఒకసారే. ఆ ఇద్దర్లో ఒకరు బావగారైతే అదీ లేదు.

సోంపేట బావ:
సంకురాత్రికి నన్నూ పిలండి. పిక్కలు నానే తెచ్చుకుంతాను.