తాత మెడల్ మీద నంబరు ఒక్కటే మిగిలింది. ఆయన ఎక్కడ పనిచేశాడో తెలుసుకునే దారి ఉందా?

గోనెసంచోళ్ల అబ్బోడు (చిత్తూరు):

చిత్తూరు కోర్టు దగ్గర నాది జిరాక్స్ అంగడి. సొంతూరు బంగారుపాళ్యం పక్కన. మొన్న పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద ట్రంకు పెట్టె దొరికింది. అందులో మా తాతవి మూడు మెడల్స్, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బర్మా పోయొచ్చాడని ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు మించి ఎవర్నడిగినా తెలీదంటారు. నేను పుట్టకముందే పోయాడు.

మెడల్స్‌లో రెండు ఆరు కోణాల నక్షత్రాలు, ఒకదాని మధ్యలో బర్మా అని ఉంది. మూడోది గుండ్రం, వెనక సింహం బొమ్మ. మా అవ్వ ప్రతి పండక్కీ ఇత్తడి చెంబులతో పాటు వీటినీ చింతపండు పెట్టి తోమేది. ఇక అక్షరాలు ఎక్కడ నిలుస్తాయి? గుండ్రటిదాని అంచు మీద కొన్ని అంకెలు, తర్వాత ఇంగ్లీషులో ఎస్, పీ, ఆర్ కనిపిస్తున్నాయి. పేరుండాల్సిన చోటు నున్నగా ఉంది.

ఇంకో సంగతి. "మేం బర్మాలో గోనెపట్ట పరిచి రోడ్డేశాం, దాని మీద లారీలు పోయేవి" అని తాత రచ్చబండ దగ్గర చెప్పేవాడంట. ఊరంతా నవ్వేది. అప్పట్నించీ మాది గోనెసంచోళ్ల ఇల్లే. పెళ్లి పత్రికలిచ్చేటప్పుడు కూడా అలా చెబితేనే గుర్తుపడతారు. అసలు అలాంటి రోడ్డు ఉంటుందా? కాగితం చినిగిపోతుందేమోనని నా అంగట్లోనే లామినేషన్ చేసి పెట్టా.

పాత నాణేల పిచ్చి (మదనపల్లె):

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడు బ్రదర్, ఫ్రీనే.

రిటైర్డ్ హవల్దార్ (తిరుపతి):

పైన తమ్ముడు చెప్పిన చోట దొరకదు. అక్కడ ఉండేది యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు. మీ తాత బతికి ఇంటికొచ్చాడు కదా.

అబ్బాయ్, ముందు నాలుగు చీవాట్లు. ఆ కాగితాన్ని లామినేషన్ చేయడానికి చేతులెలా వచ్చాయి? వేడికి ప్లాస్టిక్ కరిగి కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ ఊడిరాదు. లాగావో, ఉన్నది కూడా పోతుంది. స్కాన్ చేసి, అలాగే ఎండ తగలని చోట పెట్టు. ఇక మెడల్స్‌కు చింతపండు వద్దు, నిమ్మకాయా వద్దు. చీకటి గదిలో సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి, దాదాపు అంచుకు ఆనించి వేసి చూడు. అరిగిన అక్షరానికి కూడా కాస్త నీడ పడుతుంది.

ఎస్‌పీఆర్ అంటే సాపర్, సైన్యంలో రోడ్లు, వంతెనలు వేసే సిపాయి. అంటే మీ తాత తుపాకీతో పాటు పార, గొడ్డలి మోసినవాడు. నేనూ ఆ సంతతే, ఇరవై రెండేళ్లు మద్రాస్ సాపర్స్‌లో చేశా. మన వైపు నుంచి సాపర్లుగా పోయినవాళ్లు ఎక్కువగా చేరింది అందులోనే, మీ తాతా అక్కడే ఉండి ఉండొచ్చు. మా దళం పుట్టింది 1780లో. 1781 సెప్టెంబర్‌లో హైదర్ అలీతో పోరు జరిగిన షోలింగర్ పేరు మా యుద్ధ గౌరవాల్లో, అంటే దళానికి పేరు తెచ్చిన పోరాటాల జాబితాలో ఉంది. మనోళ్లు నరసింహస్వామి కొండకు పోతారే, ఆ షోలింగరే. ఆ మరుసటేడు డిసెంబర్‌లో హైదర్ చనిపోయిందీ మీ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట డేరాల్లోనే. సరే, పక్కదారి పట్టా.

గోనె రోడ్డు నిజం. నవ్వినోళ్లందరికీ చెప్పు. గోనెపట్టను తారులో తడిపి చుట్టలు చుట్టి తెచ్చేవాళ్లు. నేల చదును చేసి, ఒక పట్ట అంచు మీదికి ఇంకోటి వచ్చేలా పరుచుకుంటూ పోయేవాళ్లు, మన ఇళ్లకు తాటాకు కప్పినట్టు. దాని పేరు బిట్‌హెస్. బర్మా వానలకు నేల నానితే లారీ ఇరుసుదాకా దిగబడుతుంది, పరుద్దామంటే కంకర దొరకదు. పట్ట ఉంటే నీళ్లు కింద మట్టిలోకి దిగవు. విమానాల రన్‌వేలు కూడా ఇలాగే వేశారు. ఎక్కడన్నా చిరిగితే మాత్రం అక్కడే గుంట పడుతుంది, అందుకని రోజూ అతుకులేసే పని. బహుశా మీ తాత చేసింది ఎక్కువగా ఆ అతుకుల పనే అయ్యుంటుంది.

ఇప్పుడు దారి చెప్తా. కాగితంలో ఫీల్డ్ కంపెనీ అనే మాట, దాని ముందు నంబరు వెతుకు. సాపర్ల యూనిట్‌ను అలా పిలుస్తారు. ప్రతి యూనిట్టూ రోజువారీ యుద్ధ డైరీ రాసేది. బర్మావి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. మీ తాత పేరు అందులో దొరుకుతుందని ఆశ పెట్టుకోకు. ఆఫీసర్ల పేర్లు రాస్తారు, మనవాళ్లను ఐఓఆర్ (ఇండియన్ అదర్ ర్యాంక్స్, అంటే ఆఫీసర్లు కాని భారతీయ సిపాయిలు) అని లెక్కేస్తారు. ఇంతమంది జబ్బుపడ్డారు, ఇంతమంది సెలవు మీద పోయారు, అంతే. అయినా ఏ రోజు ఏ ఊళ్లో ఉన్నారు, ఎన్ని గజాల రోడ్డేశారు, వాన పడిందా అనేది తెలుస్తుంది. బెంగళూరులో మా దళానికి మ్యూజియం ఉంది. పోయేటప్పుడు నంబరు రాసిన చీటీ తీసుకుపో, ఉత్త చేతుల్తో పోకు.

తిక్కలోడు (పుంగనూరు):

తెల్లోడి జీతానికి పోయినోళ్ల కథ ఎందుకన్నా? అదే బర్మాలో అవతల నేతాజీ సైన్యం ఉంది కదా.

రిటైర్డ్ హవల్దార్ (తిరుపతి):

ఉంది. అందులోనూ అంతకుముందు ఇదే సైన్యంలో ఉండి జపాన్‌కు పట్టుబడినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇద్దరి కథా రాయి, ఎవరొద్దన్నారు?

చరిత్ర టీచరమ్మ (తిరుపతి):

హవల్దార్ గారు ఐఓఆర్ అన్నారు కాబట్టి ఒక మాట. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) చనిపోయినవాళ్ల కోసం 1929లో బస్రాలో స్మారకం కట్టారు. బ్రిటిష్ సిపాయిల పేర్లు చెక్కారు. భారతీయుల్లో ఆఫీసర్ల పేర్లే చెక్కి, మిగతావాళ్లు దళానికి ఇంతమంది అని అంకె వేశారు. మామూలు సిపాయి గురించి చదవాలంటే ఈ చిక్కు ఎప్పుడూ ఉండేదే. సైన్యం కాగితాలు సైన్యానికి కావలసిందే రాస్తాయి. అందుకే ఉత్తరాలు, పెన్షన్ అర్జీలు, ఇంట్లోవాళ్ల మాటలు వెతుకుతాం.

మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. కానీ గోనె రోడ్డు నిజమేనట అని ముందే చెప్పేయకండి. నెట్‌లో చదివింది మీ అత్త జ్ఞాపకమై కూర్చుంటుంది. "తాత ఇంటికొచ్చిన రోజు ఎలా ఉన్నాడు?" అని మాత్రం అడిగి ఊరుకోండి.

గోనెసంచోళ్ల అబ్బోడు (చిత్తూరు):

మేడమ్ చెప్పినట్టే మా మేనత్తను అడిగా. ఆమెకు ఎనభై దాటాయి, అప్పటికి పసిపిల్ల. వాళ్లమ్మ తనకు చెప్పిందే నాకు చెప్పింది. సెలవు మీద వచ్చినప్పుడు తాత ఒళ్లంతా పసుపు పూసినట్టు పచ్చగా ఉన్నాడంట. కామెర్లని భయపడి, పక్కూరికి బండి కట్టుకుపోయి పసరు మందు పోయించారంట. "నాకేం జబ్బు లేదు, మిలిట్రీ బిళ్లల వల్ల" అని ఆయన మొత్తుకున్నా వినలేదంట. నెల రోజులు ఉప్పు లేని పథ్యం. ఇది కూడా నిజమేనా?

కాగితంలో ఫీల్డ్ కంపెనీ దొరికింది సార్. నంబరు రెండంకెలు. మొదటిది 6. రెండోది సరిగ్గా మడత మీద పడింది, దాని మీద నా లామినేషన్ బుడగ.

రిటైర్డ్ హవల్దార్ (తిరుపతి):

పాపం పెద్దాయన! నిజమే అబ్బాయ్. ఆ బిళ్ల పేరు మెపాక్రిన్, మలేరియాకు. రోజూ మింగితే ఒళ్లు పచ్చబడుతుంది, మానేస్తే మెల్లగా పోతుంది. పసరు మందు వల్లే తగ్గిందని ఊరంతా అనుకుని ఉంటారు. 1943లో బర్మా యుద్ధరంగంలో గాయపడి వెనక్కొచ్చిన ప్రతి ఒక్కడికీ 120 మంది జబ్బుపడి వచ్చేవాళ్లని అక్కడి బ్రిటిష్ సేనాని స్లిమ్ లెక్క చెప్పాడు. తర్వాత బిళ్ల మింగించే పూచీ ఆఫీసర్ల మీద పెట్టాడు. ఆకస్మిక తనిఖీలు చేయించి, లెక్క తప్పిన ముగ్గురు కమాండర్లను ఇంటికి పంపాడు.

మీ అత్త మాటను ఆమె గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసిపెట్టు. ఇక నంబరంటావా, రెండో అంకె ఏదైనా సున్నా నుంచి తొమ్మిది లోపలే కదా. పది డైరీలు. గోనెపట్ట ఎవరు పరిచారో అందులో చూస్తే సగం ఎగిరిపోతాయి. స్కాన్ పంపు, ఆ బుడగ కింద ఏముందో నేనూ చూస్తా.