యేసు చరిత్రపురుషుడేనా? చరిత్రలోని యేసు, విశ్వాసంలోని క్రీస్తు ఒక్కరేనా?

ప్రశ్న (జిజ్ఞాసువు):
యేసు అనే మనిషి నిజంగా జీవించాడా అన్నది నా మొదటి సందేహం. జీవించి ఉంటే, క్రైస్తవులు ఆరాధించే దేవుని కుమారుడు ఆయనేనా అన్నది రెండవది. సువార్తలను పక్కన పెడితే ఆయన గురించి ఏ ఆధారమూ లేదని కొందరు, ఆయన దైవత్వాన్ని క్రీ.శ. 325లో నీకయ సభ (క్రైస్తవ బిషప్పుల సమావేశం) ఓటు వేసి నిర్ణయించిందని మరికొందరు రాయగా చదివాను. ఇందులో నిజమెంత?

జవాబు (చరిత్ర పాఠకుడు):
బైబిలు వెలుపల ఆధారమే లేదనడం సరికాదు. క్రీ.శ. 64లో రోము నగరం తగలబడినప్పుడు చక్రవర్తి నీరో ఆ నిందను క్రైస్తవుల మీద మోపిన వైనాన్ని సుమారు 116లో రాసిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్, వారి మతానికి మూలపురుషుడైన క్రీస్తు తిబెరియ చక్రవర్తి పాలనలో రోమన్ అధికారి పొంతి పిలాతు చేతిలో మరణశిక్ష పొందాడని చెప్పాడు. క్రైస్తవులంటే టాసిటస్‌కు ఏవగింపే తప్ప అభిమానం లేదు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా 93 ప్రాంతంలో, క్రీస్తు అని పిలువబడిన యేసు సహోదరుడు యాకోబును రాళ్లతో కొట్టి చంపిన సంగతి నమోదు చేశాడు.

అయితే వీటికన్నా తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు రాసిన పత్రికలకే (లేఖలకే) నేను ఎక్కువ విలువ ఇస్తాను. గలతీయులకు రాసిన పత్రికలో తాను యెరూషలేములో కేఫా (యేసు శిష్యుడు పేతురు) ఇంట పదిహేను రోజులు ఉన్నానని, ప్రభువు సహోదరుడైన యాకోబును కూడా చూశానని ఆయన చెప్పుకున్నాడు. ఆ యాకోబు తోడబుట్టినవాడా, దగ్గర బంధువా అన్న వివాదం క్రైస్తవ శాఖల మధ్య ఉన్నమాట వాస్తవమే. ఏదైనా, కల్పిత వ్యక్తికి బంధువులు ఉండరు కదా.

జవాబు (మూలగ్రంథ విద్యార్థి):
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. జోసీఫస్ గ్రంథం 18వ భాగంలో యేసును క్రీస్తుగా ఒప్పుకుంటున్నట్టున్న మరో ప్రస్తావన ఉంది. యూదుడిగానే ఉండిపోయిన రచయిత అలా రాసి ఉండడు కనుక, దానిలో క్రైస్తవ లేఖకుల చేయి పడిందని పండితులు అధికంగా భావిస్తారు. దానిని ఉన్నదున్నట్టు సాక్ష్యంగా చూపకూడదు.

జనన సంవత్సరం చిక్కు మరొకటి. యూదయ రాజు హేరోదు క్రీ.పూ. 4లో మరణించాడని సాధారణంగా లెక్కిస్తారు. యేసు పుట్టినప్పుడు జరిగిందని లూకా చెప్పిన, సిరియా అధిపతి కురేనియ నాటి ప్రజాసంఖ్య (జనాభా లెక్క) మాత్రం క్రీ.శ. 6 నాటిది. మత్తయి మాట ప్రకారం హేరోదు బ్రతికుండగానే యేసు పుట్టాడంటే, క్రీస్తు క్రీస్తుకు పూర్వమే పుట్టాడనే విడ్డూరం ఎదురవుతుంది. ఆరవ శతాబ్దంలో శకం లెక్క కట్టిన సన్యాసి పొరపాటు అది.

బాప్తిస్మం సంగతి ఇందుకు భిన్నం. పాపక్షమాపణ కోసం యోహాను ఇచ్చే బాప్తిస్మాన్ని తాము పాపరహితుడని నమ్మే యేసు ఎందుకు పొందాడన్నది తొలి విశ్వాసులకు ఇబ్బందికరమైన ప్రశ్న. మార్కు దానిని సూటిగా చెప్పేస్తాడు. మత్తయి యోహాను చేత అభ్యంతరం చెప్పిస్తాడు. నాలుగవ సువార్త ఆ ఘట్టాన్నే వర్ణించదు. తమకే ఇబ్బంది కలిగించే కథను ఎవరూ పనిగట్టుకుని అల్లరు.

జవాబు (వేదాంత పాఠకుడు):
నీకయ గురించిన ప్రచారం మాత్రం తప్పు. అక్కడ తగువు యేసు దైవమా, ఉత్త మనిషా అని కాదు. కుమారుడు సృష్టికి ముందే ఉన్నా, తండ్రి చేత సృజింపబడినవాడేనని అరియస్ అనే క్రైస్తవ గురువు అన్నాడు. తండ్రితో ఏకతత్త్వం గలవాడని సభ తీర్మానించింది. అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే, సుమారు 112లో, రోమన్ అధికారి ప్లినీ క్రైస్తవులు క్రీస్తును దేవుడిగా భావించి కీర్తన పాడుతున్నారని చక్రవర్తి ట్రాజన్‌కు నివేదించాడు.

ఇక రెండవ సందేహం. క్రీస్తు అన్నది ఇంటిపేరు కాదు, అభిషిక్తుడు అనే అర్థమిచ్చే బిరుదు. కనుక యేసు క్రీస్తు అని పలకడమే ఒక విశ్వాస ప్రకటన. సిలువ మరణాన్ని చరిత్రకారుడు నిర్ధారించగలడు; ఆయనను తిరిగి చూశామని శిష్యులు తొలినాళ్లలోనే నమ్మారని కూడా కొరింథీయులకు రాసిన మొదటి పత్రికను చూపి చెప్పగలడు. ఆయన లేచాడా లేదా అన్న చోట మాత్రం అతని పనిముట్లు ఆగిపోతాయి. నేను విశ్వాసిని, అయినా నా విశ్వాసానికి టాసిటస్ సాక్షి సంతకం పెట్టాడని చెప్పుకోను.