చాక్లెట్ కవరు మీద ‘476’ అని వేస్తే సరిపోతుందా?

గోదారి పాప:
బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివరి కొట్లో పాపకు చాక్లెట్ కొన్నాను. వెనక అక్షరాలు ఆవగింజంత. ఫోను కెమెరాలో పెద్దవి చేసి చూస్తే ‘ఎమల్సిఫైయర్లు (442, 476)’ అని ఉంది. ఎమల్సిఫైయర్లంటే కొవ్వూ మిగతా పదార్థాలూ విడిపోకుండా కలిపి ఉంచేవి. ‘ఆ అంకెలు దేనివమ్మా?’ అని అత్తగారు అడిగితే చెప్పలేకపోయాను. రాత్రి వెతికాను: 476 తయారీకి మూలం ఆముదమట! అది హాని చేస్తుందని నేను అనడం లేదు. పిల్లల నోట్లో పెట్టేదానికి పేరైనా చెప్పకపోవడం మాత్రం అన్యాయం. మన నిబంధనల ప్రకారం పేరు, అంకెలలో ఏదో ఒకటి వేస్తే చాలు. పేరు తప్పనిసరి చేయాలి.

ల్యాబ్ మాస్టారు:
నేను ఒప్పుకోనమ్మా. 476 పూర్తి పేరు పాలీగ్లిసరాల్ పాలీరిసినోలియేట్. అది చదివితే మీ అత్తగారికి భయం తప్ప ఏం మిగులుతుంది? పేర్లూ తప్పుదారి పట్టిస్తాయి. 322 అంటే లెసిథిన్ అనే మరో ఎమల్సిఫైయర్. గ్రీకులో పచ్చసొన అనే మాట నుంచి వచ్చింది ఆ పేరు. చాక్లెట్‌లో వేసేది మాత్రం ఎక్కువగా సోయాది. ‘కోకో లిక్కర్’ అన్నది కూడా మద్యం కాదు, గింజలు నూరిన ముద్ద. ఇక భద్రత సంగతి: ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో 476ను మళ్లీ పరిశీలించి, కిలో శరీర బరువుకు రోజుకు 25 మిల్లీగ్రాముల దాకా పరవాలేదని తేల్చింది.

కేకుల వంటిల్లు:
మీరిద్దరూ అంకె దగ్గరే ఆగిపోయారు. నేను ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను. చూడవలసింది కొవ్వును. కోకో బటర్, అంటే కోకో గింజలోని కొవ్వు, దాదాపు 34 డిగ్రీలకే కరుగుతుంది, అందుకే నాలుక మీద పెట్టగానే జారిపోతుంది. కోకో బటర్ బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్‌తో (వనస్పతిలా గట్టిపరచిన నూనెతో) చేసిన చాక్లెట్‌ను కాంపౌండ్ అంటారు; ఆ ముక్క నమిలి చూడండి, అంగిలికి మైనంలా అతుక్కుంటుంది. 476 వేస్తే కరిగిన చాక్లెట్ పలచబడి అచ్చులోకి చక్కగా పారుతుంది. అది లేకపోతే ఆ పలచదనం కోసం ఖరీదైన కోకో బటర్ ఇంకాస్త పోయాలి. కాబట్టి 476 కనిపిస్తే ఆముదం గురించి బెంగపడకండి, పదార్థాల వరుస చదవండి. ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. చక్కెర మొదట ఉంటే మీరు డబ్బు పెట్టింది ముందుగా చక్కెరకే.

గోదారి పాప:
అక్కా, కొవ్వు మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఏలూరు దగ్గర మా ఊళ్లో కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో వేస్తారు. నాన్న కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజలు తీసి, పులియబెట్టి, ఎండబెట్టేవారు. ఆ గింజలోని కొవ్వు తగ్గించి మరొకటి కలిపితే నాకు కడుపు మండుతుంది.

మాస్టారూ, మీరు చెప్పిన పేరు నోరు తిరగనిదే. అయితే ‘ఆముదం నుంచి’ అని రెండు మాటలు రాయడానికి ఏం అడ్డం? సోయా, పాలు ఉంటే అలర్జీ ఉన్నవారి కోసం విడిగా రాయమనే నిబంధన ఉంది కదా, దీనికీ చోటు దొరుకుతుంది. ఇంగ్లిష్ లేదా హిందీ తప్పనిసరి అన్నారే గానీ, పక్కన కన్నడంలోనో తెలుగులోనో వేయవద్దని ఎవరూ అనలేదు.

ల్యాబ్ మాస్టారు:
మూలం రాయమంటే నాకూ సమ్మతమే. అంకెను మాత్రం తీయించకండి. రేపు ఏ విదేశీ చాక్లెట్ మీ చేతికి వచ్చినా, వెతకడానికి పనికొచ్చేది అదే.