సింగపూర్ క్రూయిజ్‌కి రైస్ కుక్కర్, ఆవకాయ, అగరబత్తులు... వేటిని ఆపేస్తారు?

పటమట లంక

నమస్కారం అండీ. సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసుకుని మళ్లీ సింగపూర్‌లోనే దిగే క్రూయిజ్ బుక్ చేశాం. గన్నవరం నుంచి విమానం, సింగపూర్‌లో ఒక రాత్రి హోటల్, మర్నాడు షిప్. అమ్మ, నాన్న, ఏడాదిన్నర పాప కూడా వస్తున్నారు. షిప్ వాళ్లు పంపిన నిషేధాల జాబితా చదివాను. తుపాకులు, కత్తులు, డ్రోన్లు అని ఏవేవో ఉన్నాయి. మన ఇళ్లలో సర్దేవి వేరు కదా. కొబ్బరి కారం గురించి ఆ జాబితాలో ఎవరు రాస్తారు?

మా వాళ్లు తీసి పెట్టిన సామాను ఇదీ: చిన్న రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఆరు ప్లగ్గుల స్పైక్ గార్డు, దోమల లిక్విడ్ మెషిన్, ఆవకాయ, నాటుకోడి పచ్చడి, కొబ్బరి కారం, ఇంట్లో కొట్టిన గరం మసాలా, పాపకి ఉగ్గు పొడి, అగరబత్తులు, కర్పూరం. నాన్న ఇన్సులిన్ పెన్, అమ్మ నిద్ర మాత్రలు సరేసరి. వీటిలో ఏవి ఇంట్లోనే వదిలెయ్యాలి?

బెంజిసర్కిల్ బాబాయ్

మీరు దాటాల్సినవి మూడు గేట్లు: గన్నవరంలో విమానం సెక్యూరిటీ, సింగపూర్‌లో కస్టమ్స్, ఆ తర్వాత షిప్ సెక్యూరిటీ. ఒక్కోచోట ఒక్కో లెక్క. షిప్ ఒప్పుకున్నదాన్ని సింగపూర్ ఒప్పుకోకపోవచ్చు. సింగపూర్ పట్టించుకోనిది విమానంలోకే రాకపోవచ్చు. చాలామంది షిప్ జాబితా ఒక్కటే చూసి సర్దుతారు, చిక్కంతా అక్కడే.

ముందు షిప్ సంగతి. వేడి పుట్టించేది ఏదీ కేబిన్‌లో ఉండకూడదన్నది దాదాపు అన్ని కంపెనీల నియమం. కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, బట్టల స్టీమర్, బకెట్లో వేసే హీటర్ కాయిల్, ఇండక్షన్ స్టవ్ అన్నీ బయటే. దోమల మెషిన్ కూడా వేడితో పనిచేసేదే కాబట్టి అనుమానంగా చూస్తారు. నడి సముద్రంలో దాని అవసరమూ లేదు, రేవులో దిగినప్పుడు ఒంటికి రాసుకునే క్రీమ్ చాలు. జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్‌కి ఎక్కువ కంపెనీలు అభ్యంతరం చెప్పవు. కేబిన్‌లోనే ఒకటి ఉంటుంది కూడా.

నిప్పంటే వాళ్లకంత భయం ఊరికే లేదు. 2006 మార్చిలో కరీబియన్ సముద్రంలో స్టార్ ప్రిన్సెస్ అనే షిప్ బాల్కనీలో మంట లేచి పక్క బాల్కనీలకూ పై అంతస్తులకూ పాకింది. పొగకి ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆరకుండా పారేసిన సిగరెట్ పీకే కారణమై ఉండొచ్చని దర్యాప్తులో తేల్చారు. షిప్‌లో మంట లేస్తే ఫైరింజన్ రాదు, ఆర్పాల్సింది సిబ్బందే. అందుకని అగరబత్తి, కర్పూరం, కొవ్వొత్తి, సాంబ్రాణి, హుక్కా దేనికీ మినహాయింపు ఉండదు. వెలిగించం, ఊరికే దగ్గర ఉంచుకుంటాం అన్నా వినరు.

కృష్ణలంక కుర్రాడు

బాబాయ్, మరీ భయపెట్టేస్తున్నావ్. కెటిల్‌కి చీర చుట్టి సూట్‌కేసు అడుగున పెడితే ఎవరు చూస్తారు? వేల మంది ఎక్కుతారు, ప్రతి పెట్టె విప్పుతారా ఏంటి?

అరండల్‌పేట 7వ లైను

విప్పరు తమ్ముడూ, ఎక్స్‌రేలో చూస్తారు. టెర్మినల్‌లో కేబిన్ నంబరు ట్యాగ్ కట్టి మనం అప్పగించే ప్రతి పెట్టె అందులోంచే పోతుంది. కెటిల్ అడుగునుండే లోహపు పలక, ఇస్త్రీ పెట్టె ఆకారం తెరమీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, చీర అడ్డం రాదు. అప్పుడు ఆ పెట్టె కేబిన్‌కి రాదు. మిగతా పెట్టెలు సాయంత్రానికి గుమ్మం ముందుంటాయి, ఇది మాత్రం సెక్యూరిటీ గదిలో ఆగిపోతుంది. కబురొచ్చాక వెళ్లి వరసలో నిలబడి, వాళ్ల ఎదుట తాళం తీసి చూపించాలి. వస్తువుకి ట్యాగ్ కట్టి రసీదు ఇస్తారు, దిగేటప్పుడు తిరిగిస్తారు. మత్తు పదార్థాలు, ఆయుధాల్లాంటివైతే తిరిగివ్వడం ఉండదు, పోలీసు వ్యవహారమే.

ప్రశ్న అడిగినవారికి ఒక మాట. షిప్ రోజున మందులు, పాస్‌పోర్టులు, పాప డైపర్లు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉంచండి. పెట్టె ఆగినా, ఆలస్యమైనా ఆ పూట గడిచిపోతుంది. షిప్ వాళ్లు ఏమంటారో తెలియని వస్తువుని కూడా పెద్ద పెట్టెలో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. టెర్మినల్‌లోనే అవునో కాదో తేల్చేస్తారు.

విమానానికి మాత్రం సరిగ్గా తలకిందులుగా చెయ్యాలి. ఆవకాయ, నెయ్యి, కారప్పొడి చేతి సంచిలో ఉంటే గన్నవరంలోనే తీయించేస్తారు. అవి లగేజీలో వెయ్యాలి. పవర్ బ్యాంకు లగేజీలో వెయ్యకూడదు, చేతి సంచిలోనే ఉండాలి, అదీ 100 వాట్ అవర్ల లోపు. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది సుమారు 74 వాట్ అవర్లకు వస్తుంది కాబట్టి పర్వాలేదు. సింగపూర్ హోటల్లో ఒక రాత్రి ఉంటారు గనక అక్కడ మళ్లీ సర్దుకోవచ్చు.

కర్పూరం విమానంలోకే రాదు, తేలిగ్గా అంటుకునే పదార్థాల కింద లెక్క. ఎండు కొబ్బరి కూడా రానివ్వరు. అందులోని నూనె వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకునే స్వభావం ఉందని చేతి సంచిలోనూ లగేజీలోనూ నిషేధించారు. చిప్పలు, కోరు అసలు వద్దు. కొబ్బరి కారం పొడిని స్కానర్ దగ్గర ఎలా చూస్తారన్నది ఆ పూట ఉన్న మనిషిని బట్టి ఉంటుంది. దాని బదులు కందిపొడి పట్టుకెళ్లండి, గొడవుండదు.

ఆటోనగర్ వైండింగ్

స్పైక్ గార్డు ఇంట్లోనే వదిలెయ్యండి. నిషేధం ఎందుకో తెలియక చాలామంది ఐదారు వందలదే కదా, పోతే పోయిందని పట్టుకెళతారు. అసలు విషయం ఇది.

మన ఇంటి కరెంటులో న్యూట్రల్‌ని భూమికి కలుపుతారు. ఫేజ్ ఒక్కటే ముట్టుకుంటే కొట్టే తీగ. చాలా షిప్పుల్లో అలా కాదు, రెండు తీగల్లో దేన్నీ షిప్ శరీరానికి కలపరు. ఉక్కుతో పోలిస్తే రెండింటిలోనూ వోల్టేజీ ఉంటుంది. ఒకచోట లీకేజీ వచ్చినా కరెంటు పోకుండా నడవడానికి ఈ ఏర్పాటు. ఇప్పుడు స్పైక్ గార్డు లోపల చూడండి. వేరిస్టర్ అని చిన్న నాణెం సైజు బిళ్లలుంటాయి, తీగకీ ఎర్త్‌కీ మధ్య కలిపి. షిప్ లైన్లో ఎక్కడైనా ఎర్త్ ఫాల్ట్ వస్తే, అంటే ఒక తీగ ఉక్కుకి తగిలితే, ఆ బిళ్లల మీద వాటి శక్తికి మించిన వోల్టేజీ పడుతుంది. వేడెక్కి, కరిగి, ప్లాస్టిక్ అంటుకుంటుంది. దాని స్విచ్ కూడా చాలావాటిలో ఒక తీగనే తెంచుతుంది. ఆఫ్ చేశాం అనుకుంటాం, రెండో తీగలో కరెంటు ఉంటూనే ఉంటుంది. అమెరికా కోస్ట్ గార్డ్ 2013లో దీనిమీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది.

కొన్ని కంపెనీలు సర్జ్ ప్రొటెక్షన్, అంటే ఆ బిళ్లలు, లేని మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుని ఒకప్పుడు రానిచ్చేవి. ఇప్పుడు దాన్నీ ఆపుతున్నవాళ్లు ఉన్నారు. నా సలహా: త్రాడు లేకుండా నేరుగా గోడకి గుచ్చుకునే, మూడు నాలుగు యూఎస్‌బీ రంధ్రాల ఛార్జర్ ఒకటి కొనండి. ఇంటిల్లిపాది ఫోన్లకి అది సరిపోతుంది.

ప్లగ్గు విషయం కూడా. కేబిన్లలో మామూలుగా రెండు రకాల సాకెట్లుంటాయి: చదునైన పిన్నుల అమెరికా రకం 110 వోల్టులది, గుండ్రటి రెండు పిన్నుల యూరప్ రకం 220 వోల్టులది. మన సన్న రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ యూరప్ దాంట్లో పడుతుంది. మూడు పిన్నులది పట్టదు, అడాప్టర్ కావాలి. సింగపూర్ హోటల్లో మళ్లీ చదరపు మూడు పిన్నుల సాకెట్. స్పైక్ గార్డు లేని సాదా అడాప్టర్ చూసుకుని తీసుకోండి.

బ్రాడీపేట మందుల షాపు

ఇక్కడ అందరూ కెటిల్ గురించి మాట్లాడుతున్నారు గానీ ఆ జాబితాలో అన్నిటికంటే ప్రమాదం అమ్మగారి నిద్ర మాత్రలూ, ఇంట్లో కొట్టిన గరం మసాలానూ.

ముందు మాత్రలు. అల్ప్రజోలం, క్లోనజెపామ్, జోల్పిడెమ్, ట్రామడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు... మన దగ్గర చీటీ చూపిస్తే దొరికేవే. సింగపూర్‌లో ఇవి నియంత్రణలో ఉన్న మందులు. మందుని బట్టి, ఎన్ని మాత్రలు తీసుకెళుతున్నారన్నదాన్ని బట్టి అక్కడి హెల్త్ సైన్సెస్ అథారిటీ అనుమతి ముందే తీసుకోవాలి. వాళ్ల వెబ్‌సైట్లో మందు పేరు కొట్టి చూసుకునే వీలుంది, దరఖాస్తూ అక్కడే. బయల్దేరే ముందురోజు గుర్తొస్తే కుదరదు, మూడు నాలుగు వారాల ముందే చూసుకోండి. డాక్టరు చీటీలో పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి, మందు అసలు పేరు, రోజుకెంత అన్నది స్పష్టంగా రాయించండి. మాత్రలు స్ట్రిప్పులతోనే తీసుకెళ్లండి. వారం డబ్బాల్లో విడగొట్టి పోసుకుంటే ఏది ఏమిటో ఎవరికీ తెలియదు.

ఇన్సులిన్ ఎట్టి పరిస్థితిలోనూ విమానం లగేజీలో వెయ్యొద్దు, గడ్డకడితే పనికిరాదు. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కేబిన్ ఫ్రిజ్ చాలా షిప్పుల్లో పానీయాలు చల్లబరిచే పెట్టె మాత్రమే, అంత చలి నిలవదు. ముందే కంపెనీకి మెయిల్ పెడితే మందుల ఫ్రిజ్ ఇస్తారు, లేదా షిప్ ఆసుపత్రిలో దాస్తారు. వాడుతున్న పెన్ను ఎక్కువ రకాలకి 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు బయటుండొచ్చు, మీ పెన్ను కాగితంలో ఎంతుందో చూసుకోండి. వాడిన సూదులు వేసే డబ్బా అడిగితే కేబిన్‌కి పంపుతారు, చెత్తబుట్టలో వెయ్యకండి.

ఇప్పుడు మసాలా. అందులో గసగసాలు వేశారా? వేస్తే ఆపండి. గసగసాలు నల్లమందు మొక్క విత్తనాలు, వాటికి మార్ఫిన్ ఆనవాళ్లు అంటుకుని ఉండొచ్చు కాబట్టి సింగపూర్‌లో నిషేధం. దుబాయ్‌లోనూ ఇదే చిక్కు. పొడి కొట్టాక గసగసాలు కంటికి కనిపించకపోవచ్చు, పరీక్షలో దొరుకుతాయి. మాదకద్రవ్యాల చట్టం అంత కఠినంగా ఉన్న దేశంలో దీనితో ఆట వద్దు. కూరల పొడులూ, గసగసాలు చల్లిన స్వీట్లూ కూడా ఒకసారి చూసుకోండి.

నాటుకోడి పచ్చడి కూడా కస్టమ్స్ దగ్గరే పోతుంది. మాంసం వస్తువుల్ని సింగపూర్ తాను ఆమోదించిన దేశాల నుంచే రానిస్తుంది, ఆ జాబితాలో మనం లేం. మటన్ పచ్చడికీ అదే.

ఇంట్లో పొగాకు అలవాటున్నవాళ్లు ఉంటే చెప్పండి: ఖైనీ, గుట్కా, జర్దా ఏవీ కుదరవు. సిగరెట్లకి సింగపూర్‌లో సుంకం మినహాయింపు ఒక్కదానికీ లేదు, ఉన్నవన్నీ చూపించి సుంకం కట్టాలి. ఈ-సిగరెట్ 2018 నుంచి దగ్గర ఉంచుకోవడమే నేరం. థాయిలాండ్‌లోకీ తీసుకురానివ్వరు. మన దేశంలోనే 2019 చట్టంతో అమ్మకం ఆగిపోయింది. చూయింగ్ గమ్ కూడా సింగపూర్‌లోకి తేకూడదు, 1992 నుంచీ ఉన్న నిషేధం.

పటమట లంక

గసగసాల సంగతి చెప్పి బతికించారండీ, మసాలాలో ఉన్నాయి. తీసేశాం. ఇంకో నాలుగు అనుమానాలు. ఆవకాయ షిప్‌లోకి వస్తుందా రాదా? పాపకి రాత్రిళ్లు వేడినీళ్లు ఎలా? అమ్మ దీపం పెట్టకుండా ఉండలేదు. బావ సింగపూర్ డ్యూటీ ఫ్రీలో విస్కీ కొంటానంటున్నాడు.

బెంజిసర్కిల్ బాబాయ్

విస్కీ కొననివ్వండి, తాగేది మాత్రం దిగాకే. విదేశీ కంపెనీల్లో చాలావాటికి ఎక్కే రోజున పెద్దవాళ్లు తలా ఒక 750 మిల్లీలీటర్ల వైన్ సీసా తెచ్చుకునే వీలుంది, ఘాటు మద్యానికి లేదు. సీసా తీసుకుని రసీదిచ్చి చివర్లో ఇస్తారు. ఫుకెట్‌లో కొన్నా అదే, షిప్ ఎక్కేచోట అప్పగించాలి. నీళ్ల సీసాలో పోసి తెస్తే పట్టుబడినప్పుడు పారబోస్తారు, పైగా మిమ్మల్ని దించేసే హక్కూ వాళ్లకుంది. మద్యం అమ్మకం వాళ్లకి పెద్ద ఆదాయం, ఈ నియమం వెనక నిప్పు భయమేం లేదు.

దీపానికి చిన్న బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ ప్రమిద తీసుకెళ్లండి. ప్లగ్గుది వద్దు.

వేడినీళ్లు బఫే హాల్లో మిషన్‌లో పట్టుకోవచ్చు, చాలా షిప్పుల్లో రాత్రంతా పనిచేస్తుంది. మంచి స్టీల్ ఫ్లాస్కు ఒకటి పెట్టుకోండి, పడుకునే ముందు నింపుకుంటే తెల్లారేదాకా వస్తుంది. కేబిన్ చూసుకునే అతనికి చెప్పినా తెచ్చిపెడతాడు.

అరండల్‌పేట 7వ లైను

ఆవకాయ గురించి నిజం చెప్పాలంటే కంపెనీకో మాట. ఇంట్లో చేసిన తిండి, కోసిన పళ్లు, వండినవి వద్దనేవే ఎక్కువ. ఫ్యాక్టరీలో సీలు వేసి లేబులు అంటించిన ప్యాకెట్టుకి అంత పట్టింపు ఉండదు. కారణం ఉంది: షిప్‌లో నలుగురికి వాంతులు, విరేచనాలు మొదలైతే గంటల్లో అంతస్తులు దాటుతుంది, ఎవరి డబ్బాలోంచి వచ్చిందో వెతకడం వాళ్లవల్ల కాదు. నూనె తేలిన గాజు సీసా ఊగే షిప్‌లో ఎలాగూ కారుతుంది. కొట్లో దొరికే 200 గ్రాముల సీలు ప్యాకెట్లు నాలుగైదు తీసుకోండి, ఒక్కోటీ విప్పి ఒకే పూటలో అవగొట్టేలా. ఇంటి ఆవకాయ హోటల్ రాత్రికి సరిపడా పెట్టుకుని అక్కడే ముగించండి. సీలు ఉన్నదైనా రేవులో దిగేటప్పుడు వెంట తీసుకెళ్లకండి, బఫేలోంచి అరటిపండు కూడా. తిండి బయటికి తేవడం చాలా రేవుల్లో నిషేధం.

ఉగ్గు పొడికి కూడా కొన్న సీలు డబ్బా మేలు. పసిపిల్లల ఆహారానికి సడలింపు ఉంటుంది గానీ, కవరులో కట్టిన పేరులేని తెల్లపొడి ఎక్కడైనా ప్రశ్నే.

కృష్ణలంక కుర్రాడు

సరే, కెటిల్ విషయంలో ఓడిపోయా. విశాఖ నుంచో చెన్నై నుంచో వెళ్లే షిప్‌కైతే ఇంత తలనొప్పి ఉండదు కదా?

ఆటోనగర్ వైండింగ్

కస్టమ్స్, మందుల అనుమతి గొడవ తగ్గుతుంది, అంతే. కార్డీలియా లాంటి మన దేశపు షిప్పుల్లో బయటి తిండి, మద్యం రెండూ వద్దంటారు. వేడి వస్తువులు, స్పైక్ గార్డు లెక్క మారదు. ఉక్కు ఉక్కే, ఏ రేవులో ఎక్కినా.

పటమట లంక గారూ, సామానుతో సంబంధం లేదు గానీ ఒకటి చూసుకోండి. మీరు సింగపూర్‌లోకి రెండుసార్లు అడుగుపెడతారు, విమానం దిగి ఒకసారి, షిప్ దిగి ఇంకోసారి. వీసా మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో ఈ రోజే చూడండి.