టెక్సాస్ ఏ అండ్ ఎం ఫుట్‌బాల్ నల్గొండ నుంచి ఫాలో అయ్యేదెట్ల?

నల్గొండ పిల్లగాడు: తమ్ముడు అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్‌లో ఎమ్మెస్ చదువుతుండు. ఆ యూనివర్సిటీ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలు సీజనంతా చూడాలనుంది. టైములు, రూల్సు అర్థమైతలేవు. తెలిసినోళ్లు చెప్పండ్రి.

పాలమూరు: ఆటలు దాదాపు అన్నీ శనివారమే. అక్కడి టైముకు పదిన్నర గంటలు కలుపు. పొద్దున 11 ఆట మనకు రాత్రి 9:30, సాయంత్రం 6:30 ఆట ఆదివారం తెల్లారి 5. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి జరుపుతరు, అప్పటిసంది పదకొండున్నర కలపాలె. చాలా ఆటల టైము వారం, పన్నెండు రోజుల ముందు మాత్రమే ఖాయమైతది. అందుకే సీజనంతటికీ ఒకేసారి అలారాలు పెట్టొద్దు, వారం వారం చూసుకో. ఒక్కో ఆటకు మూడున్నర గంటలు తీసిపెట్టుకో.

మిర్యాలగూడ: బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు దాటాలె, అసలు సంగతి అదే. బంతిని అవతలి జట్టు చివరి గీత దాటించే టచ్‌డౌన్‌కు 6, కాలితో తన్ని గోల్ కర్రల నడుమకెళ్లి పంపే ఫీల్డ్ గోల్‌కు 3 పాయింట్లు. ఎన్‌ఎఫ్‌ఎల్ (అక్కడి ప్రొఫెషనల్ లీగ్) వీడియోలు చూసి నేర్చుకోకు, తికమక పడతవ్. కాలేజీ ఆటలో బంతి ఉన్నోని మోకాలు నేలకు తాకితే, ఎవ్వరూ ముట్టకున్నా ఆ ప్రయత్నం అక్కడికి ఆగినట్టే. విసిరిన బంతి (పాస్) పట్టినప్పుడు ఒక్క కాలు మైదానం గీత లోపల పడితే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ పడాలె.

పాలమూరు: ఇంకోటి తమ్మీ. వాళ్ల స్టేడియం కైల్ ఫీల్డ్‌లో విద్యార్థులు ఆటంతా నిలబడే ఉంటరు. దాని వెనక ఒక కథ ఉంది. 1922 జనవరి 2న డల్లాస్‌లో ఆటగాళ్లకు దెబ్బలు తగిలి జట్టు పలచబడితే, ఈ. కింగ్ గిల్ ప్రేక్షకుల్లకెళ్లి దిగి, జెర్సీ వేసుకుని చివరిదాకా సిద్ధంగా నిలబడ్డడు. జట్టుకు మైదానంలో ఉండేది పదకొండు మందే, అవసరమైతే దిగేటందుకు సిద్ధంగా ఉన్న పన్నెండో ఆటగాడు అనే మాట ఆయనతోనే ముడిపడింది. చూసేటప్పుడు గమనించు: బంతి అవతలి జట్టు దగ్గరుంటేనే ఈ విద్యార్థులు గోల చేస్తరు. మనోళ్ల దగ్గరున్నప్పుడు ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ పిలుపు జట్టుకు వినబడాలె కదా, అందుకే తగ్గిస్తరు.